పంపు ఆపేటప్పుడే ట్రాన్సిస్టర్ పోతోంది

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

మొక్కలకి నీళ్లు పెట్టే పంపు దగ్గర ఇంకో బీసీ547 ట్రాన్సిస్టర్ కూడా పోయిందని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. నువ్వు పంపిన ఫొటో చూశాను. సోల్డరింగ్ బాగుంది, మా కొట్లో కుర్రాడి కంటే నయం. కానీ మోటారుకి డయోడ్, అదే కరెంటుని ఒక వైపే పోనిచ్చేది, పెట్టలేదేంరా?

మోటారు లోపల ఉన్నది కాయిలే కదా. అందులో పారుతున్న కరెంటు ఠక్కున ఆగమంటే ఆగదు. బోరు పైపులో నీళ్లు జోరుగా పోతుండగా వాల్వు ఒక్కసారిగా మూసేస్తే పైపు ఎలా అదురుతుందో మీ నరసన్నపేట పొలాల్లో చూసే ఉంటావు. ట్రాన్సిస్టర్ ఆఫ్ అయిన క్షణంలో జరిగేదీ అదే. కరెంటుకి దారి దొరక్క కలెక్టర్ దగ్గర, అంటే ట్రాన్సిస్టర్‌కి మోటారు వైరు కలిపిన కాలు దగ్గర, వోల్టేజీ నీ సప్లై 12 దాటి ఎక్కడికో లేస్తుంది. బీసీ547 ఓర్చుకునేది 45 వోల్టులే. మీటరు పెడితే 12 మించలేదన్నావు. ఆ దెబ్బ మైక్రోసెకన్లలో వచ్చి పోతుంది, మల్టీమీటరుకి దొరకదు. కాలేజీ ల్యాబులో ఆసిలోస్కోప్, అదే వోల్టేజీ క్షణక్షణం ఎలా మారుతోందో తెర మీద గీసి చూపించేది, ఉంటే అడిగి చూడు.

4007 డయోడ్ ఒకటి తెచ్చి మోటారు కొనల మీదే సోల్డర్ చెయ్యి. రూపాయో రెండో పెడితే వస్తుంది. వెండి గీత ఉన్న వైపు ప్లస్‌కి, రెండో కాలు కలెక్టర్‌కి వెళ్లే వైరుకి. పంపు నడుస్తున్నంతసేపూ దానికి పనేమీ ఉండదు. ఆపగానే కాయిల్లో మిగిలిన కరెంటు డయోడ్ గుండా చుట్టు తిరిగి తగ్గిపోతుంది. కలెక్టర్ 13 వోల్టుల దగ్గరే ఆగుతుంది. తిరగేసి పెట్టావా, ట్రాన్సిస్టర్ ఆన్ అవగానే సప్లై డయోడ్ గుండా షార్ట్ అవుతుంది. పవర్ ఇచ్చే ముందు గీత ఎటుందో ఇంకోసారి చూసుకో.

డయోడ్ పెట్టినా నీ బీసీ547 నిలవదు. దాని తాహతు 100 మిల్లీఆంపియర్లు, నీ పంపు మీద 350 అని ఉంది. పైగా స్టార్టింగ్‌లో అంతకి చాలా ఎక్కువే లాగుతుంది. నడుస్తుండగా వేలు పెట్టలేనంత వేడెక్కితే కరెంటు ఎక్కువైనట్టు. చల్లగానే ఉండి, ఆపాక మళ్లీ పని చెయ్యకపోతే ముందు డయోడ్ లేకపోవడాన్నే అనుమానించు. నీకు రెండు జబ్బులూ ఉన్నాయి. ఎక్కువ కరెంటు ఓర్చే టిప్122 ట్రాన్సిస్టర్ వేసి, దాన్ని ఆన్ చేసే కాలు బేస్‌కి 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టు. కాళ్ల వరస బీసీ547లా ఉండదు, డేటాషీట్ చూసి కలుపు. మోటారుకి ఒక వోల్టు దాకా తగ్గుతుంది, పంపుకి అదేం లెక్క కాదు.

టిప్122 డేటాషీట్ బొమ్మలో లోపల డయోడ్ ఉంది కాబట్టి బయటది అక్కర్లేదని ఎవరో ఒకరు చెబుతారు. అది కలెక్టర్‌కీ, మూడో కాలు ఎమిటర్‌కీ మధ్య ఉంటుంది. మనకి కావలసింది కాయిల్‌కి అడ్డంగా. వాదన పెట్టుకోకు, పెట్టెయ్.

పీడబ్ల్యూఎమ్‌తో, అంటే ట్రాన్సిస్టర్‌ని గబగబా ఆన్ ఆఫ్ చేస్తూ, స్పీడు తగ్గించాలనుకుంటే మటుకు 5819 షాట్కీ డయోడ్ వాడు, అది చప్పున ఆఫ్ అవుతుంది. 4007 ఆఫ్ అవడానికి కాస్త తాత్సారం చేస్తుంది, ఈలోగా ట్రాన్సిస్టర్ మళ్లీ ఆన్ అయితే ప్రతిసారీ ఓ కుదుపు తగులుతుంది.

ఆ తర్వాత రిమోట్ కారు చేస్తానన్నావట. మోటారుని రెండు వైపులా తిప్పాలంటే ఈ ఒక్క డయోడ్ పద్ధతి పనికిరాదు, వెనక్కి తిప్పగానే షార్టే. దానికి హెచ్-బ్రిడ్జి, అదే నాలుగు స్విచ్చులతో మోటారుకి కరెంటు ఎటైనా తిప్పే సర్క్యూట్, కావాలి, డయోడ్లు నాలుగు. ఎల్293డి ఐసీ కొంటే అవి లోపలే ఉంటాయి. చివర ఆ ‘డి’ ఉందో లేదో చూసి మరీ కొను.

మీ పెదనాన్న