‘రక్షణ సాధికార చట్టం’ అనవచ్చా?

సందేహం: మేం అమెరికాలో ఉంటాం. 2024 డిసెంబర్‌లో ఇక్కడి ప్రతినిధుల సభలో రక్షణ బిల్లుపై (నేషనల్ డిఫెన్స్ ఆథరైజేషన్ యాక్ట్) ఓటింగ్ జరిగినప్పుడు మా తెలుగు సంఘం పత్రికకు ఇలా రాశాను: ‘జాతీయ రక్షణ సాధికార చట్టానికి మన ప్రతినిధి మద్దతు ఇచ్చారు. దీని ద్వారా 895 బిలియన్ డాలర్లు కేటాయించారు.’ ‘మద్దతు’ తెలుగు మాట కాదనీ, ‘బలపరిచారు’ అని మార్చాలనీ ఒక మిత్రుడు అన్నారు. ఏది సరైనది?

సమాధానం: ‘మద్దతు’ను అలాగే ఉంచండి. అరబ్బీ ‘మదద్’ నుంచి వచ్చిన మాటే అయినా, బ్రౌన్ నిఘంటువు నాటికే తెలుగులో కుదురుకుంది. ‘మద్దతు ధర’ అని రోజూ అనే రైతుకు అది పరాయి మాట ఎలా అవుతుంది? పైగా సభా వ్యవహారాల్లో ‘బలపరచడం’ అంటే, ఒకరు ప్రతిపాదించిన తీర్మానానికి రెండో సభ్యుడు తోడు నిలవడం. మీ ప్రతినిధి చేసింది అది కాదు కదా.

మార్చాల్సిన మాటలు వేరే ఉన్నాయి. ‘సాధికార’ అనగానే తెలుగువారికి మహిళా సాధికారత గుర్తొస్తుంది. ఈ బిల్లులో ఎవరికీ సాధికారత కల్పించడం లేదు. ఫలానా పనికి ఇంతవరకు ఖర్చు పెట్టవచ్చని అనుమతిస్తారు, సైనికుల జీతాలు మొదలు ఆయుధాల కొనుగోలు దాకా విధానాలు నిర్ణయిస్తారు. డబ్బు కేటాయించేది మాత్రం విడిగా వచ్చే మరో బిల్లు. దానికి మన శాసనసభల్లో ఎప్పటినుంచో ‘ద్రవ్య వినిమయ బిల్లు’ అనే చక్కని పేరుంది. అందుకే మీ వాక్యంలో ‘కేటాయించారు’ అన్నది భాషా దోషం కాదు, విషయ దోషం. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

ఈ తేడా తెలుగువారికి కొత్తదేం కాదు. ‘వంతెనకు పరిపాలనా అనుమతి వచ్చింది గానీ నిధులు రాలేదు’ అని మన ఊళ్లలో ఎన్నిసార్లు వినలేదు? ఆ ‘అనుమతి’నే ఇక్కడా తీసుకుని ‘జాతీయ రక్షణ అనుమతుల బిల్లు’ అంటే సరిపోతుంది. అధ్యక్షుడి సంతకం అయ్యాక ‘చట్టం’ అనండి.

‘మద్దతు’ విషయంలో ఇంకో మాట. మాట్లాడి మద్దతు తెలపడం వేరు, ఓటు వేయడం వేరు. ఓటు వేసి ఉంటే ఆ మాటే రాయండి, ఏ ఓటో కూడా చెప్పండి. 2020 డిసెంబర్‌లో ప్రతినిధుల సభ అప్పటి రక్షణ అనుమతుల బిల్లును 335–78తో ఆమోదించింది. అధ్యక్షుడు ట్రంప్ వీటో చేశాక అదే సభ 322–87తో ఆ వీటోను తోసిపుచ్చింది. మొదటిసారి అవునన్న వాళ్లందరూ రెండోసారి అవునని ఓటు వేయలేదు. అలాంటప్పుడు ‘మద్దతు ఇచ్చారు’ అని ఊరుకుంటే చదివేవారికి ఏం తెలుస్తుంది?

మీ వార్తను ఇలా మార్చుకోండి: ‘జాతీయ రక్షణ అనుమతుల బిల్లుకు మన ప్రతినిధి అనుకూలంగా ఓటు వేశారు. సుమారు 895 బిలియన్ డాలర్ల ఖర్చుకు అనుమతినిచ్చే ఈ బిల్లును సభ 281–140తో ఆమోదించింది.’