కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద చేసే ఖర్చు) వల్ల ఊళ్ళకు నిజంగా మేలు జరుగుతుందా, లేక అంతా ఫొటోల కోసమేనా?

మేలూ జరుగుతుంది, ఫొటోలూ దిగుతారు. పల్నాడు వైపు ఒక సిమెంట్ ఫ్యాక్టరీ సీఎస్ఆర్ విభాగంలో ఆరేళ్ళు పనిచేసి రెండూ చూశాను. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను కాబట్టి కాస్త ధైర్యంగానే రాస్తున్నాను. పేరు మాత్రం అడక్కండి.

ముందు చట్టం సంగతి. ఇదేదో కంపెనీలు దయతలచి చేస్తాయని చాలామంది అనుకుంటారు. కాదు. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ఉంది, 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు: ముందటి ఏడాది వీటిలో ఏ ఒక్కటి ఆ మేరకు ఉన్నా, గత మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. మొదట్లో పెట్టకపోతే, ఎందుకు పెట్టలేదో బోర్డు రిపోర్టులో రాస్తే సరిపోయేది. 2021లో ఆ వెసులుబాటు పోయింది. మిగిలిన డబ్బును చట్టంలో చెప్పిన నిధికి కట్టేయాలి, నడుస్తున్న ప్రాజెక్టుదైతే విడిగా ఖాతాలో వేసి మూడేళ్ళలో వాడాలి.

ఇక మాకు మార్చి ఎండింగ్ టెన్షన్. జనవరి దాకా కదలని ఫైలు ఫిబ్రవరిలో పరుగెత్తేది. అలా ఒక మార్చిలో బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఊరికి ఆర్వో ప్లాంటు పెట్టాం. అవసరమైన పనే. షెడ్డు, గ్రానైట్ శిలాఫలకం, ఐదు రూపాయల బిళ్ళ వేస్తే ఇరవై లీటర్లు వచ్చే మిషను. రెండేళ్ళ తర్వాత వెళ్తే తాళం వేసి ఉంది. నీళ్ళు వడగట్టే మెంబ్రేన్ పాడైందట. వచ్చిన బిళ్ళలు కరెంటు బిల్లుకే చాలలేదు, ఇంక కొత్తది ఎక్కడ కొంటారు? షెడ్డు నీడన ఎవరిదో గేదె నెమరేస్తోంది. మేము పంపిన బడ్జెట్‌లో నిర్వహణ ఖర్చు అన్న గడి ఖాళీగా ఉంది. ఆ షీటు తయారుచేసింది నేనే, కాబట్టి వేరేవాళ్ళని అనడానికి లేదు. తర్వాతి ప్లాంటుకు ఆపరేటర్ జీతం, మెంబ్రేన్ ఖర్చు మూడేళ్ళకు కలిపి రాయించాను. నేను మానేసేనాటికి అది నడుస్తూనే ఉంది.

నా మనసు మారింది మాత్రం ఇంకోచోట. ఆడవాళ్ళకు కుట్టు మిషన్ల శిక్షణ మొదలుపెట్టడానికి ఫ్యాక్టరీ పక్క ఊరికి వెళ్ళాం. మీటింగ్ అయ్యాక ఒక మామ్మ నన్ను కల్లం దగ్గరికి లాక్కెళ్ళింది. ఆరబోసిన మిరపకాయల్లోంచి ఒకటి తీసి, ఒక పక్క చీర చెంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. తుడిచిన పక్క ఎర్రగా ఉంది, రెండో పక్క బూడిద రంగు. "మిషన్లు తర్వాత ఇద్దురుగానిలే బాబూ, ముందు ఈ దుమ్ము సంగతి చూడండి. యార్డులో రేటు కోసేస్తున్నారు" అంది.

నా రిపోర్టులో ముప్ఫై మందికి శిక్షణ అని రాశాను. దుమ్ముకు అందులో కాలమ్ లేదు. నిబంధనల ప్రకారం కంపెనీ తన రోజువారీ వ్యాపారంలో భాగంగా చేసేది సీఎస్ఆర్ కిందికి రాదు. అది సబబే, తన దుమ్ము తను ఆపుకోవడం దానమెలా అవుతుంది? కానీ ఆఫీసులో జరిగేదేమిటంటే, దుమ్ము ప్లాంటు వాళ్ళ పని, ఊరు మా పని. ఈ రెండు గదుల మధ్య ఫైలు తిరగదు. ఏడాది పాటు వెంటపడితే సున్నపురాయి లారీలకు టార్పాలిన్ కప్పడం, రోడ్డు మీద రోజుకు రెండుసార్లు నీళ్ళు చల్లడం మొదలైంది. ఆ ఆరేళ్ళలో ఊరివాళ్ళు బాగుందని వాళ్ళంతట వాళ్ళు నాతో అన్నది దీని గురించే. దానికి ఫొటో లేదు, రిబ్బన్ లేదు.

పెద్ద ఎత్తున చూడాలంటే సత్యం కంప్యూటర్స్ ఉదాహరణ ఉంది కదా. 108 అంబులెన్స్ సేవలు 2005లో హైదరాబాద్‌లో మొదలైంది ఆ కంపెనీ అధినేత రామలింగరాజు చొరవతోనే. అవి నిలిపిన ప్రాణాలు అబద్ధం కాదు. 2009 జనవరి 7న ఆయనే ఒప్పుకున్న కంపెనీ దొంగ లెక్కలూ అబద్ధం కాదు. ఆ లెక్కల్ని ఈ అంబులెన్సులతో కొట్టివేయమంటే నేనొప్పుకోను, అలాగని అంబులెన్సులు నాటకమనీ అనను.

అందుకని మీ ఊరి పక్క కంపెనీ గురించి తెలుసుకోవాలంటే, నేషనల్ సీఎస్ఆర్ పోర్టల్‌లో ఎంత ఖర్చు పెట్టిందో చూడండి, కాని అక్కడితో ఆగకండి. కాంట్రాక్టు కూలీలకు పీఎఫ్ కడుతోందా, చిన్న సప్లయర్లకు డబ్బు ఎప్పుడిస్తోందో కనుక్కోండి. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నుంచే చట్టం ఉంది. మా కార్యక్రమాలకు ఫ్లెక్సీలు కొట్టిచ్చిన ఆయన చిన్న షాపువాడు. "సమాజ సేవలో మేము సైతం" అన్న ఫ్లెక్సీ బిల్లు కోసం ఎనిమిది నెలలు మా గేటు చుట్టూ తిరిగాడు. నేను మానేశాక వచ్చిందట, జీఎస్టీ నంబరు తప్పు పడిందని మళ్ళీ ఒకసారి తిప్పి.