పదో తరగతి పరీక్షలయ్యాక ఫ్రాన్స్‌లో నెల రోజులు: డబ్బు ఎక్కడి నుంచి తేవాలి?

ప్రశ్న: మాది హైదరాబాద్, ఈసీఐఎల్ ప్రాంతం. మా అమ్మాయి సీబీఎస్‌ఈ పదో తరగతి చదువుతోంది. ఆరో తరగతి నుంచి ఫ్రెంచ్ నేర్చుకుంటోంది. పరీక్షలయ్యాక ఏప్రిల్ చివర్లో లియాన్ వెళ్లి, ఐదు వారాలు ఒక ఫ్రెంచ్ కుటుంబంతో ఉంటూ భాషా పాఠశాలలో చదవాలని దాని కోరిక. ఏజెన్సీ రూ.4.30 లక్షలు అడుగుతోంది. మా ఇద్దరి జీతాలు, ఖర్చులు, కిస్తీలు, చిట్టీ పోను నెలకు రూ.25 వేల దాకా మిగులుతుంది. సుకన్య సమృద్ధిలో సుమారు రూ.11 లక్షలు ఉన్నాయి. 25 నెలల రూ.5 లక్షల చిట్టీ ఇప్పుడు, జులైలో, ఎనిమిదో నెలలో ఉంది. డిసెంబరులో రూ.2 లక్షల డిపాజిట్ గడువు తీరుతుంది. దసరాకు మావారికి రూ.30 వేల బోనస్ వస్తుంది. అత్యవసరానికి రూ.3 లక్షలు విడిగా ఉంచాం. సుకన్య నుంచి తీయాలా, ఫిబ్రవరిలో చిట్టీ పాడాలా?

జవాబు: ముందుగా నా మాట చెప్పేస్తాను. అమ్మాయిని పంపండి. పదహారేళ్ల వయసులో పరాయి ఇంటి వంటగదిలో నిలబడి, వచ్చీరాని భాషలో ఉప్పు ఎక్కడుందని అడగాల్సి రావడం ఏ తరగతి గదిలోనూ దొరకని చదువు. అయితే దానికి సుకన్య ముట్టుకోవద్దు, ఫిబ్రవరిలో చిట్టీ పాడవద్దు. ఈ ఏడాది మిగులు, బోనస్, డిసెంబరులో వచ్చే డిపాజిట్‌తోనే ఈ ప్రయాణం గట్టెక్కుతుంది.

సుకన్యలో అసలు నిబంధనే అడ్డం వస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండాక గానీ, పదో తరగతి పాసయ్యాక గానీ, అంతకుముందు ఆర్థిక సంవత్సరం చివరి నిల్వలో సగం వరకు చదువు కోసం తీయవచ్చు. ప్రవేశం ఖరారైన పత్రమో, ఫీజు రసీదో చూపాలి. మీరు డబ్బు కట్టాల్సింది శీతకాలంలో, ఫలితాలు వచ్చేది ఆ తర్వాత ఎప్పుడో. నిబంధన అడ్డు రాకపోయినా నేను వద్దనే అంటాను. ఇప్పటి 8.2 శాతం వడ్డీయే కొనసాగితే ఈ రోజు తీసిన రూ.3 లక్షలు పదేళ్లలో రూ.6.6 లక్షలయ్యేవి. అది అమ్మాయి పై చదువుల సొమ్ము.

చిట్టీ విషయం కాస్త వివరంగా చూద్దాం. ఫిబ్రవరి అంటే పదిహేనో నెల. పోటీలో 25 శాతం తగ్గించి పాడారనుకోండి, చేతికి వచ్చేది రూ.3.75 లక్షలు. వదులుకున్న రూ.1.25 లక్షల్లో నిర్వాహకుడి కమీషన్ చట్టం అనుమతించే గరిష్ఠం 7 శాతం అనుకుంటే రూ.35 వేలు. మిగిలిన రూ.90 వేలు పాతిక మందికీ పంచితే మీ వాటా రూ.3,600. మిగతా నెలల వాయిదాలు ఎలాగూ కట్టాలి. అంతకంటే పెద్ద సంగతి జూన్. ఇంటర్ ఫీజు, కోచింగ్ కలిపి లక్షల్లో కట్టాల్సిన నెల అదే. అప్పటికి చిట్టీ పందొమ్మిదో నెలకు వస్తుంది, పాడనివాళ్లు తగ్గుతారు, సాధారణంగా తగ్గింపు కూడా తగ్గుతుంది. దాన్ని ఇంటర్ ఫీజుకే ఉంచండి. మన ఊళ్లో పదో తరగతి పరీక్షలు అయీ అవకముందే కాలేజీల వాళ్లు వేసవి తరగతుల పేరుతో మొత్తం ఫీజు కట్టించుకోవాలని చూస్తారు. అమ్మాయి జూన్‌లో చేరుతుందని చెప్పి, వాయిదాలు అడగండి.

ఇక ఏజెన్సీ కాగితం. మీరు పంపిన లెక్కలో విమానం రూ.85 వేలు, కుటుంబంతో వసతి, తరగతులు కలిపి రూ.2.10 లక్షలు, వీసా, బీమా రూ.22 వేలు, వారాంతపు విహారాలు రూ.45 వేలు, సమన్వయ రుసుము రూ.68 వేలు ఉన్నాయి. విహారాలు తీసేయండి. లియాన్ నుంచి ఊళ్లు చూడాలంటే ఆ కుటుంబంతోనో, తరగతిలో పరిచయమైన పిల్లలతోనో వెళ్తుంది. ఐదు వారాలను నాలుగు చేస్తే సుమారు రూ.42 వేలు తగ్గుతాయి. సమన్వయ రుసుము ఎక్కువే. కానీ మైనర్ విషయంలో దాన్ని పూర్తిగా కొట్టేయమని నేను చెప్పను. రాత్రి పదింటికి ఫోను చేస్తే పలికే మనిషి లియాన్‌లో ఉన్నారా, ఆ కుటుంబం కుదరకపోతే ఎన్ని రోజుల్లో మరో ఇంటికి మారుస్తారు అని అడగండి. సూటిగా జవాబిస్తే ఆ డబ్బు కట్టవచ్చు. జవాబు నసిగితే ఏజెన్సీనే మార్చండి.

కాగితంలో లేని ఖర్చు భోజనం. ఇలాంటి వసతుల్లో చాలాచోట్ల ఉదయం ఫలహారం, రాత్రి భోజనం మాత్రమే ఇస్తారు. మధ్యాహ్నం బయట కొనుక్కోవాలి. రోజుకు పది యూరోలు, ఇరవై తరగతి రోజులు, యూరో వంద రూపాయలు అనుకుంటే రూ.20 వేలు. బస్సు పాసు, ఫోను, చేతిఖర్చు కలిపితే రూ.45 వేలు పెట్టుకోండి. మాంసం తినకపోతే ఆ సంగతి ఇప్పుడే రాసి పంపండి. కానుకగా నేతి మిఠాయిలు కట్టివ్వాలని మనసు లాగుతుంది, కానీ ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తీసుకురావడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. పోచంపల్లి బల్ల గుడ్డ ఇవ్వండి.

ఇలా చూస్తే మొత్తం రూ.3.88 లక్షలవుతుంది. డిపాజిట్ రూ.2 లక్షలు, బోనస్ రూ.30 వేలు, ఈ నెల నుంచి మార్చి దాకా నెలకు రూ.18 వేల చొప్పున రూ.1.62 లక్షలు. కలిపితే రూ.3.92 లక్షలు. ఆ రూ.18 వేలు రికరింగ్ డిపాజిట్‌లోనే వేయండి. తొమ్మిది నెలల్లో కావాల్సిన సొమ్ముకు షేర్ల ఫండ్లు తగవు. అత్యవసర నిధిలో రూ.70 వేలు అమ్మాయి హఠాత్తుగా తిరిగి రావాల్సి వస్తే టికెట్‌కని మనసులో కేటాయించుకోండి.

డబ్బు ఏ దారిలో వెళ్తుందన్నదీ ముఖ్యమే. విమానం, వసతి కలిపి ప్యాకేజీగా కొంటే మొదటి రూపాయి నుంచే టీసీఎస్, అంటే డబ్బు తీసుకునేవాళ్లు మన దగ్గర ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను, పడుతుంది. పాఠశాలకు మీరే బ్యాంకు ద్వారా పంపితే ఏడాదికి రూ.10 లక్షల వరకు అది ఉండదు. టీసీఎస్ పడినా అది పోయిన సొమ్ము కాదు. రిటర్నులో పన్నుకు సర్దుబాటవుతుంది. జీతగాళ్లు కాబట్టి ముందే యజమానికి చెప్పి, జీతంలో కోసే పన్ను (టీడీఎస్)లోనూ తగ్గించుకోవచ్చు. అమ్మాయి పేరుతో డబ్బు పంపితే, విదేశాలకు సొమ్ము పంపేటప్పుడు బ్యాంకుకు ఇచ్చే ఫారం ఏ2పై సంరక్షకులు సంతకం చేయాలి. చేతిఖర్చుకు ఫారెక్స్ కార్డు (విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డు) తీసుకుని జనవరిలో సగం, ఏప్రిల్‌లో సగం యూరోలు నింపండి. మామూలు డెబిట్ కార్డు అక్కడ గీకితే 3.5 శాతం దాకా అదనంగా పడుతుంది.

సీబీఎస్‌ఈ 2026 నుంచి పదో తరగతికి రెండో విడత పరీక్షలు మే నెలలో పెడుతోంది. మార్కులు పెంచుకోవాలనే ఆలోచన అమ్మాయికి ఉంటే ఇప్పుడే తేల్చుకోండి. టికెట్ కొన్నాక తేదీలు మార్చడానికి ఖర్చవుతుంది. ఫ్రాన్స్‌కు కావాల్సిన షెంజెన్ వీసాకు (పలు యూరప్ దేశాలకు ఉమ్మడి వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు, మైనర్‌కు తల్లిదండ్రులిద్దరి అంగీకార పత్రం కావాలి, బీమా కనీసం 30 వేల యూరోలకు ఉండాలి. ఏజెన్సీకి అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక్క విషయం రాతపూర్వకంగా తీసుకోండి: వీసా రాకపోతే ఏ పద్దు కింద ఎంత, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు? నోటిమాటతో చెబితే ఒక్క రూపాయి కట్టవద్దు.