పేరు పక్కన @ పెడితే సరిపోతుందా?

ప్రశ్న: మెయిల్, ఫేస్‌బుక్, రైలు టికెట్లు, కరెంటు బిల్లు, అన్నింటికీ ఒకటే పాస్‌వర్డ్ వాడుతున్నాను. మా అబ్బాయి పేరు, @, పుట్టిన సంవత్సరం. పెట్టినప్పుడు 'స్ట్రాంగ్' అనే చూపించింది. మా అమ్మాయి మాత్రం వెంటనే మార్చమని పోరుతోంది. ఇన్నింటికి ఇన్ని గుర్తుపెట్టుకోవడం నావల్ల అవుతుందా?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: మీ అమ్మాయి చెప్పిందే రైటండీ. 'స్ట్రాంగ్' అని చూపించే ఆ పచ్చగీతను నమ్మకండి, అది అక్షరాలూ అంకెలూ లెక్కపెడుతుంది గానీ మీ అబ్బాయి పేరు పుట్టినరోజు ఫొటోతో సహా ఫేస్‌బుక్‌లో ఉందని దానికేం తెలుసు! పేరు, @, సంవత్సరం అనే వరస చాలా ఇళ్ళలో వాడేదే, కాబట్టి దొంగల సాఫ్ట్‌వేర్ ముందుగా వేసి చూసేవాటిలో అదీ ఒకటి.

అంతకన్నా పెద్ద ముప్పు ఒకటే పాస్‌వర్డ్ అన్నిచోట్లా ఉండటం. 2009లో రాక్‌యూ అనే అమెరికా కంపెనీ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి, అవన్నీ రహస్య కోడ్‌గా మార్చకుండా ఉన్నవి ఉన్నట్టు దాచిపెట్టినవే. (వాటిలో ఎక్కువమంది పెట్టుకున్నది 123456!) అలా ఏ చిన్న షాపింగ్ సైట్ నుంచో మీది బయటికొచ్చిందనుకోండి, అదే మెయిల్ ఐడీ, అదే పాస్‌వర్డ్ పట్టుకెళ్ళి మిగతా అన్ని సైట్లలోనూ వేసి చూస్తారు.

ముందు మెయిల్ సంగతి చూడండి, ఎందుకంటే 'ఫర్‌గాట్ పాస్‌వర్డ్' నొక్కితే మిగతావాటి లింకులు వచ్చేది అక్కడికే. దానికి కొత్త పాస్‌వర్డ్ కోసం ఇంట్లో నిఘంటువు ఉంటే తీసి, చూడకుండా వేలుపెట్టి ఐదారు మాటలు తీయండి. గొంగళి, సున్నం, పడవ, తప్పెట, జీలకర్ర... ఇలా ఒకదానికొకటి పొంతన లేనివి, ఇంగ్లిష్ అక్షరాల్లో వరసగా కొట్టేయండి. (ఇక్కడ అచ్చయినవే పెట్టుకోకండి మరి.) నచ్చినవి ఏరుకోవద్దు, సామెతలూ పాటల పల్లవులూ అసలే వద్దు. ఊరికే మూడు నెలలకోసారి మార్చక్కర్లేదు కూడా. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే, బయటపడిందని తెలిస్తే తప్ప మార్చమని బలవంతపెట్టొద్దని చెప్పేసింది. మార్చమంటే మనం చేసేది చివరి 1ని 2 చేయడమే కదా!

మిగతావి గుర్తుపెట్టుకునే టెన్షన్ మీకెందుకు? ఆండ్రాయిడ్ ఫోనైతే గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ ఉంటుంది, కాదంటే బిట్‌వార్డెన్ అనే అలాంటి యాప్ ఉచితంగా దొరుకుతుంది. ఒక్కో సైట్‌కీ వేరే పాస్‌వర్డ్ అదే తయారుచేసి అదే దాచుతుంది, పైగా బ్యాంకు పేరుతో వచ్చిన దొంగ సైట్‌లో అడ్రస్ తేడా ఉంటే తనంతట తాను నింపదు. యాప్‌లంటే భయమైతే నోట్‌బుక్‌లో రాసి బీరువాలో పెట్టుకోండి, ఎక్కడో కూర్చున్న దొంగ మీ బీరువా తెరవలేడు. వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవడం మాత్రం వద్దు.

మెయిల్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో ఇంకోసారి సరిచూసే ఏర్పాటు) ఆన్ చేయండి. అప్పుడే రికవరీ నంబర్ (పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ వచ్చే ఫోన్ నంబర్) ఇప్పుడు వాడుతున్నదేనా అని కూడా చూసుకోండి, మనం వదిలేసిన సిమ్ నంబర్‌ని కొన్నాళ్ళకు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇవన్నీ చేశాక కూడా ఎప్పుడైనా డబ్బు పోతే ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.