జెర్బోవా ఎలుకేనా? జెర్బిల్ ఏ జాతి?

సందేహం: ఎనిమిదో తరగతి పిల్లల కోసం ఎడారి జంతువుల మీద ఒక పాఠం రాస్తున్నాం. అందులో రెండు వాక్యాలు ఇవి: “జెర్బోవా, గెర్బిల్, కంగారూ ఎలుక మూడూ ఎడారెలుక జాతికి చెందినవి. నీరు లేకుండా బతకడం కోసం ఇవి పొడవైన వెనక కాళ్లను పెంచుకున్నాయి.” మాలో ఒకరు ‘జాతి’ తప్పన్నారు, ఇంకొకరు ‘ఎడారెలుక’ సంధి తప్పన్నారు. ఏది సరి? మూడింటికీ ఒకే తెలుగు పేరు పెడితే చాలదా?

సమాధానం: మీవాళ్లిద్దరి అభ్యంతరాలూ న్యాయమైనవే. అయితే వాళ్లు పట్టుకోని తప్పులు ఇంకో రెండు మూడు ఉన్నాయి. ముందు ‘జాతి’ సంగతి చూద్దాం.

వ్యవహారంలో ‘జాతి’కి హద్దు లేదు. ఒంగోలు జాతి ఎద్దు అంటాం, పిల్లి జాతి జంతువులు అంటాం, మానవజాతి అంటాం. మూడు చోట్లా అర్థం వేరు. జీవశాస్త్ర పాఠంలో మాత్రం దానికి ఒక మెట్టు కేటాయించారు. క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి అనే వరుసలో అది అన్నిటికన్నా కింది మెట్టు. మీరు చెప్పిన మూడు జంతువులు కలిసేది ఎక్కడో పైన, క్రమం దగ్గర, అంటే రోడెన్షియాలో. పై దవడలో ఒక జత, కింది దవడలో ఒక జత, జీవితాంతం పెరుగుతూనే ఉండే కొరుకుడు పళ్లు ఈ క్రమానికి గుర్తు. తెలుగులో కృంతకాలు అంటున్నాం. క్రమం కిందికి దిగగానే దారులు చీలిపోతాయి.

కంగారూ ఎలుక ఉత్తర అమెరికా పశ్చిమ భాగానిది. డైపోడోమిస్ అనే ప్రజాతి, దానిలో సుమారు 20 జాతులు. కుటుంబం హెటెరోమయిడే. దీనికి దగ్గరి చుట్టాలు అమెరికాలోనే నేల తవ్వుకుని బతికే గోఫర్లు, కాస్త దూరపు చుట్టం నదులకు ఆనకట్టలు కట్టే బీవర్. మన ఇంటి ఎలుకతో దాని బంధుత్వం చాలా పాతది. ఆ రెండు శాఖలూ విడిపోయి ఐదు కోట్ల ఏళ్లు దాటింది.

జెర్బోవా ఉత్తర ఆఫ్రికా నుంచి అరేబియా, మధ్య ఆసియా మీదుగా మంగోలియా, చైనా దాకా ఉంటుంది. డైపోడిడే కుటుంబం, 30కి పైగా జాతులు. మూడోదైన జెర్బిల్ (మీరు రాసిన గెర్బిల్) ఎలుకల కుటుంబంలోనిదే. మ్యూరిడేలో ఒక ఉపకుటుంబం, 100కు పైగా జాతులు. మూడింటిలో ‘ఎలుక’ అని నిస్సంకోచంగా పిలవదగింది ఇదొక్కటే. తమాషా ఏమిటంటే మీ జాబితాలో ఎలుక అన్న మాట తగిలించింది కంగారూ ఎలుకకు!

మరి చూడటానికి అంత ఒకేలా ఎందుకుంటాయి? పొడవాటి వెనక కాళ్లు, పొట్టి ముందు కాళ్లు, చివర కుచ్చున్న తోక, గెంతుడు నడక, ఇసుక రంగు బొచ్చు. ఒకే రకం బతుకు వేరు వేరు వంశాలను ఒకే రూపం వైపు నెట్టింది. దీన్ని అభిసరణ పరిణామం అంటారు. ఆస్ట్రేలియాలో నాలుగో ఉదాహరణ కూడా ఉంది. నోటోమిస్ ప్రజాతి అసలైన ఎలుకల శాఖ నుంచే వచ్చినా అదీ రెండు కాళ్ల మీద గెంతుతుంది. దానికి తెలుగు పేరు కావాలంటే ‘గెంతుడెలుక’ అనండి. ‘దూకుడు ఎలుక’ అనకండి. ఈ రోజుల్లో దూకుడంటే తెగువ, జోరు. పిల్లలు కోపిష్ఠి ఎలుక అనుకుంటారు.

పోలిక పైపైదేనని తేల్చేవి ఎముకలు, చర్మం. కంగారూ ఎలుకకు బుగ్గల మీద, నోటి బయట తెరుచుకునే సంచులుంటాయి, లోపల బొచ్చు ఉంటుంది. గింజలు వాటిలో కుక్కుకుని పోతుంది. జెర్బోవాకు అలాంటి సంచి లేదు. మడమకూ వేళ్లకూ మధ్య ఉండే పొడవాటి ఎముకలు మూడు వేళ్ల జెర్బోవాలో కలిసిపోయి ఒకే కడ్డీ అవుతాయి. ఐదు వేళ్ల జెర్బోవాలో కూడా నడిమి మూడూ కలిసిపోతాయి, పక్కవి రెండూ విడిగా చిన్నవిగా మిగులుతాయి. కంగారూ ఎలుకలో అవి విడివిడిగానే ఉంటాయి. దవడ పళ్ల లెక్కలోనూ తేడా ఉంది. కంగారూ ఎలుకకు మొత్తం 20 పళ్లు, జెర్బిల్‌కు 16.

పాఠంలో వర్గీకరణ చరిత్రకు ఒక పేరా ఇవ్వగలిగితే దవడ కండరం గురించి రాయండి. 1855లో బ్రాంట్ అనే శాస్త్రవేత్త కృంతకాలను ఆ కండరం ఎముకకు అతుక్కున్న తీరును బట్టి ఉడుత తరహా, ముళ్లపంది తరహా, ఎలుక తరహా అని మూడుగా విడదీశాడు. మంచి పద్ధతే, చాలాకాలం నిలిచింది. కానీ కంటి కింద కండరం దూరే రంధ్రం జెర్బోవాలో ముళ్లపందికి ఉన్నంత పెద్దది. ఆ ఒక్క గుర్తునే నమ్మితే జెర్బోవాను ముళ్లపంది పక్కన కూర్చోబెట్టాలి. మిగతా శరీర లక్షణాలు, తర్వాత డీఎన్‌ఏ, దాన్ని ఎలుకల గుంపుకే దగ్గరని చెప్పాయి. ఇలాంటిదే ఇంకొకటి: ఈజిప్టు వైపు ఉండే, వీపు మీద బిరుసు ముళ్ల వెంట్రుకలున్న అకోమిస్‌ను పళ్లు చూసి మామూలు ఎలుకల్లో కలిపారు. డీఎన్‌ఏ పరీక్షల్లో అది జెర్బిళ్లకు దగ్గరిదని తేలింది.

ఇక పేర్లు. ‘గెర్బిల్’ అన్నది అక్షరాలను చూసి చదివినది. ఇంగ్లీషు పలుకుబడిలో మొదటి అక్షరం జకారం, కనుక జెర్బిల్ అని రాయండి. బహువచనం ‘జెర్బిల్స్’ అక్కర్లేదు. హోటల్ హోటళ్లయినట్టే జెర్బిల్ జెర్బిళ్లవుతుంది. జెర్బోవాకు జెర్బోవాలు. మాట మధ్యలో అచ్చు తెలుగుకు ఇమడదు కాబట్టి ‘జెర్బోఆ’ వద్దు. ఈ రెండు పేర్లూ అరబ్బీలోని ‘యర్బూ’ అన్న మాట నుంచే వచ్చాయి. జెర్బిల్ అంటే వ్యుత్పత్తి ప్రకారం చిన్న జెర్బోవా. జంతువులు రెండూ ఒకటేనన్న భ్రమ చాలావరకు ఇక్కడే పుడుతుంది. పేర్లు తోబుట్టువులే కానీ ప్రాణులు కావు.

కొత్త పేరు కల్పించేటప్పుడు ఒక నియమం పాటిస్తే చిక్కులు తగ్గుతాయి. తెలుగు సమాసంలో అసలు వస్తువు చివర ఉంటుంది, విశేషణం ముందుంటుంది. అందుకని చివరి పదం ప్రాణి వంశాన్ని చెప్పాలి, ముందు పదం రూపాన్నో చోటునో చెప్పాలి. కంగారూ ఎలుక, ఎలుక కంగారూ ఒకటి కావు. రెండోది ఆస్ట్రేలియాలోని సంచిజంతువు, నిజంగానే కంగారూల చుట్టం. మొదటిది మావి ఉన్న క్షీరదం. ‘కంగారూ ఎలుక’ వాడుకలో స్థిరపడింది కాబట్టి ఉంచండి, కానీ అది కంగారూ కాదు, ఖచ్చితంగా చెప్పాలంటే ఎలుకా కాదు అని ఒక వాక్యం చేర్చండి. దీర్ఘం మాత్రం మరవకండి. ‘కంగారు ఎలుక’ అని రాస్తే అది ఏదో హడావుడిలో ఉందనిపిస్తుంది. జెర్బోవాకు ‘ఎలుక’ తగిలించకుండా జెర్బోవా అనే పిలవడం మేలు.

మరి ముళ్లపంది మాటేమిటి, అది పంది కాదు కదా అని మీరు అడగవచ్చు. జనం పెట్టుకున్న పాత పేర్లకు ఈ నియమం వర్తించదు, వాటి జోలికి పోకూడదు కూడా. మనం కొత్తగా కల్పించేవాటికే ఇది. చుంచు విషయంలో మాత్రం జాగ్రత్త. చుంచెలుక అన్నా అది కృంతకమే కాదు, పొడవు మూతితో పురుగులు తినే వేరే క్రమం ప్రాణి. పందికొక్కుకు ఆ ఇబ్బంది లేదు, చివరి ‘కొక్కు’ దాని వంశాన్ని సరిగ్గానే చెబుతోంది. ఇంగ్లీషులోకి ‘బాండికూట్’గా వెళ్లింది మన పందికొక్కే. శాస్త్రవేత్తలు దాని ప్రజాతికి బాండికోటా అని పేరు పెట్టారు. ఆ మాటనే ఆస్ట్రేలియా వలసవాళ్లు అక్కడి ఒక సంచిజంతువుకు తగిలించారు. పోలిక చూసి పేరు పెడితే ఎంత దూరం పోతుందో చూడండి.

‘ఎడారెలుక’ సంధి దగ్గరికి వద్దాం. చిట్టెలుకను చూసి చేసి ఉంటారు. కానీ చిట్టెలుకలో ఉన్నది చిట్టి+ఎలుక కాదు, చిఱు+ఎలుక. ఱకారానికి ద్విరుక్త టకారం వచ్చింది. నట్టిల్లు, నిట్టూర్పు ఆ కోవలోవే. ‘ఎడారి’ ఏమ్యాదుల్లో, అంటే ఏమి, మఱి వంటి మాటల జాబితాలో, లేదు కాబట్టి బాలవ్యాకరణం లెక్కలో ఇత్వసంధికి తావు లేదు, యడాగమంతో ‘ఎడారియెలుక’ అవుతుంది. మాట్లాడేటప్పుడు ఇకారం జారిపోవడం సహజమే. పాఠంలో ‘ఎడారి ఎలుక’ అని విడదీసి రాయండి. అయినా మూడింటికీ ఉమ్మడి పేరుగా అది పనికిరాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పొలంగట్లలో బొరియలు చేసుకునే టటెరా ఇండికా కూడా జెర్బిలే. తోక ఒంటికన్నా పొడవు, చివర నల్లటి కుచ్చు ఉంటుంది. దానికి ఎడారి అక్కర్లేదు. థార్‌లో పగటిపూట తిరిగే మెరియోనిస్ హరియానేను ఎడారి జెర్బిల్ అంటే తప్పు లేదు. ఉమ్మడిగా చెప్పాల్సి వస్తే ‘ఎడారి కృంతకాలు’ అనండి.

రెండో వాక్యంలో ‘పెంచుకున్నాయి’ మార్చాలి. తెలుగులో ‘కొను’ చేరితే పని చేసేవాడు తన కోసం, తెలిసి చేశాడన్న అర్థం వస్తుంది. ఏ జెర్బోవా కాళ్లు పెంచుకోలేదు. కాస్త పొడుగు కాళ్లతో పుట్టినవి ఎక్కువగా బతికి ఎక్కువ పిల్లల్ని కన్నాయి, తరాలు గడిచేకొద్దీ కాళ్లు పొడవయ్యాయి. ‘బతకడం కోసం’ కూడా తీసేయండి. పైగా పొడుగు కాళ్లకూ నీటి పొదుపుకూ సంబంధం లేదు. కాళ్లు గుడ్లగూబకూ పాముకూ చిక్కకుండా గెంతడానికి పనికొస్తాయి, నీటిని కాపాడేది మూత్రపిండం.

‘నీరు లేకుండా’ అన్నదీ సరికాదు, ‘నీళ్లు తాగకుండా’ అనాలి. కంగారూ ఎలుక తినే ఎండు గింజల్లోని పిండిపదార్థం ఒక గ్రాము ఒంట్లో ఖర్చయితే 0.6 గ్రాముల దగ్గర నీరు పుడుతుంది. మూత్రాన్ని మనిషి కన్నా సుమారు నాలుగు రెట్లు చిక్కగా చేసి, ఊపిరిలోని తేమను చల్లటి ముక్కులో పట్టి నిలిపి ఆ కొంచెంతోనే సరిపెట్టుకుంటుంది.

మీ వాక్యాలు ఇలా మార్చుకోవచ్చు: “జెర్బోవా, జెర్బిల్, కంగారూ ఎలుక కృంతకాల క్రమంలో మూడు వేర్వేరు కుటుంబాలవి. గెంతి తప్పించుకోవడం మేలు చేసే బయలు నేలల్లో వీటి వెనక కాళ్లు ఏ వంశానికి ఆ వంశంలో విడిగా పొడవయ్యాయి. కంగారూ ఎలుక వంటివి నీళ్లు తాగకుండానే చాలాకాలం బతకగలవు.” టటెరా ఇండికా వంటి శాస్త్రీయ నామాలకు విభక్తి చేర్చవచ్చు కానీ బహువచనం చేర్చకండి, ముక్కలు చేసి అనువదించకండి.