అమెరికా అధ్యక్ష ఎన్నిక ప్రతిసారీ కోర్టు మెట్లెందుకు ఎక్కుతుంది? పోలింగ్ డ్యూటీ చేసినదానిగా నా జవాబు

"ఓట్లు ఎక్కువ వచ్చినవాళ్ళు ఓడిపోతారు, లెక్కింపు రోజుల తరబడి సాగుతుంది, చివరికి అందరూ కోర్టులో తేలతారు. మనకున్నట్టు ఒక ఎన్నికల సంఘం పెట్టుకుంటే పోదా?" అని కదా మీరు అడిగింది. సరిగ్గా ఇదే మాట మా నాన్నగారు నన్ను నాలుగు రోజులు వరసగా అడిగారు. 2020 నవంబరులో.

ముందే చెప్తున్నాను, నేను లాయర్ని కాను. ఫిలడెల్ఫియా శివార్లలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. 2019లో సిటిజన్‌షిప్ వచ్చింది. మరుసటి ఏడు కరోనా. బూత్‌లలో ఏళ్ళ తరబడి పనిచేస్తున్నది ఎక్కువగా రిటైరైన పెద్దవాళ్ళే, వాళ్ళు రావడానికి భయపడుతున్నారు, మనుషులు కావాలి అంటే పేరిచ్చాను. అలా నేను అధ్యక్షుడికి మొదటిసారి ఓటేసిన ఎన్నికలోనే డ్యూటీ కూడా చేశాను.

నాన్నగారు తెనాలి దగ్గర హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. పంచాయతీ నుంచి పార్లమెంటు దాకా ఆయన చెయ్యని పోలింగ్ డ్యూటీ లేదు. ముందు రోజు రాత్రి ఫోన్ చేసి, "సిరా సీసా మూత సరిగ్గా ఉందో లేదో చూసుకో అమ్మా, ఎండిపోతుంది" అన్నారు.

"ఇక్కడ సిరా పెట్టరు నాన్నా."

"మరి ఓటరు కార్డు?"

"పెన్సిల్వేనియాలో ఆ బూత్‌కి మొదటిసారి వచ్చినవాళ్ళే గుర్తింపు చూపించాలి. మిగతావాళ్ళు పేరు చెప్పి సంతకం పెడితే చాలు. పాత సంతకంతో పోల్చి చూస్తాం."

ఆయన కాసేపు మాట్లాడలేదు. "అయితే గొడవ ఖాయం" అన్నారు.

గొడవైతే జరిగింది. కానీ ఆయన అనుకున్న చోట కాదు.

ఇక్కడి చట్టం ప్రకారం దేశమంతటికీ కలిపి ఒకే అధ్యక్ష ఎన్నిక అంటూ లేదు. 50 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ, మొత్తం 51 ఎన్నికలు ఒకే రోజు జరుగుతాయి, అంతే. ప్రతి రాష్ట్రమూ తన శాసనసభ చెప్పిన పద్ధతిలో ఎలక్టర్లను, అంటే అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ప్రతినిధులను, పంపాలి అని రాజ్యాంగం రెండో అధికరణ చెబుతుంది. ప్రజలు ఓటేయాలన్న మాట కూడా అందులో లేదు. ఆ అవకాశం రాష్ట్రం ఇస్తేనే ఉన్నట్టు అని సుప్రీంకోర్టు 2000లో బుష్, గోర్ కేసు తీర్పులో సూటిగానే రాసింది. ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ అని ఒకటుంది గానీ, అది ప్రచారానికి వచ్చే డబ్బు లెక్కలు చూసేది. బూత్‌లు, బ్యాలెట్లు, లెక్కింపు అన్నీ రాష్ట్రాలు, కౌంటీల (మన జిల్లాల్లాంటివి) పని. మా పక్క కౌంటీలో ఒక పద్ధతి, మా దగ్గర ఇంకో పద్ధతి. సిటిజన్‌షిప్ పరీక్షకి చదివినప్పుడు ఇదంతా బట్టీ పట్టాను. అర్థమైంది మాత్రం ఒక కవరు చేతిలో పట్టుకున్నాకే.

పెన్సిల్వేనియాలో 2019లో కొత్త చట్టం వచ్చింది. ఏ కారణమూ చెప్పకుండా ఎవరైనా పోస్టులో ఓటేయొచ్చు. శాసనసభలో రిపబ్లికన్లు ఆమోదించారు, డెమొక్రాట్ గవర్నర్ సంతకం పెట్టారు. అప్పుడు పోస్టు ఓటు మీద పెద్ద గొడవేమీ రాలేదు. కొన్ని నెలలకే కరోనా వచ్చింది, మెయిల్ బ్యాలెట్లు సుమారు 26 లక్షలు పోగుపడ్డాయి. ఆ చట్టంలో ఒక మెలిక ఉంది. ఈ కవర్లను పోలింగ్ రోజు పొద్దున్న ఏడింటి వరకు విప్పకూడదు. ఫ్లోరిడాలో ముందే విప్పి సిద్ధం చేసుకోవచ్చు కాబట్టి వాళ్ళు ఆ రాత్రికే తేల్చేశారు.

పైగా బ్యాలెట్ కాగితం ముందు ఒక రహస్య కవరులో పెట్టాలి, దాన్ని ఇంకో కవరులో పెట్టాలి, పైకవరు మీద సంతకం చేసి తేదీ వేయాలి. లోపలి కవరు లేకుండా వచ్చిన ఓటు చెల్లదని ఆ సెప్టెంబరులోనే రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటివాటిని ఇక్కడ 'నగ్న బ్యాలెట్లు' అంటారు. మొదటిసారి ట్రైనింగులో ఆ మాట విని నవ్వాపుకోలేకపోయాను.

పోలింగ్ రోజు మా స్కూలు జిమ్ ముందు ఏడింటికే క్యూ పార్కింగ్ దాటిపోయింది. సగం టెన్షన్ ఈ మెయిల్ బ్యాలెట్ల వల్లే. పోస్టులో తెప్పించుకుని, నమ్మకం లేక నేరుగా వచ్చేసినవాళ్ళు బోలెడుమంది. బ్యాలెట్, కవరు రెండూ తెచ్చి మాకు అప్పగిస్తే మామూలుగా ఓటేయొచ్చు. ఇంట్లో మర్చిపోయి వస్తే ప్రొవిజనల్ బ్యాలెట్. అంటే ఓటేసి కవరులో పెట్టి వెళ్ళాలి, వాళ్ళ ఓటు ఇంకోటి పోస్టులో రాలేదని కౌంటీ నిర్ధారించుకున్నాక లెక్కలో కలుపుతారు. నాన్నగారికి చెప్తే, "మా టెండర్ ఓటు (మన పేరు మీద ఎవరో ముందే ఓటేసేస్తే ఇచ్చేది) లాంటిదన్నమాట. కాకపోతే మేం దాన్ని కవరులో పెట్టి పంపించాక ఇక మర్చిపోవడమే" అన్నారు. ఒకాయన నా మీద అరిచాడు, నీ వల్ల నా ఓటు మురిగిపోతుందని. మా బూత్ పెద్ద డెబ్బై దాటిన ఆవిడ, పూర్వం నర్సు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఇంటికెళ్ళి కవరు తెచ్చుకో, ఎనిమిదిలోగా క్యూలో ఉంటే చాలు అని పంపించింది. సాయంత్రం కవరుతో తిరిగొచ్చాడు.

రాత్రి ఎనిమిది దాటాక స్కానర్ నుంచి పొడుగాటి చీటీ వచ్చింది, ఎవరికెన్ని ఓట్లో. మేమంతా సంతకాలు పెట్టి ఒక కాపీ తలుపుకి అంటించాం. ఇది విని నాన్నగారు నిజంగా కంగారుపడ్డారు. "బూత్ వారీగా ఫలితం అక్కడే అంటించేస్తారా? మన ఊళ్ళో అయితే తెల్లారేసరికి తలకాయలు పగులుతాయి!"

ఆ తలుపు మీది చీటీలో మా బూత్‌లో నేరుగా పడిన ఓట్లే ఉన్నాయి. మెయిల్ ఓట్లు కౌంటీ ఆఫీసులో. ఆ ఏడు డెమొక్రాట్లు ఎక్కువగా పోస్టులో వేశారు, రిపబ్లికన్లు బూత్‌కి వచ్చారు. దాంతో రాష్ట్రం మొత్తం మీద ఆ రాత్రి ట్రంప్ ఆరు లక్షల పైచిలుకు ఆధిక్యంలో కనిపించారు. కవర్లు విప్పే కొద్దీ అది కరుగుతూ వచ్చింది. శనివారం మీడియా బైడెన్ గెలిచారని ప్రకటించింది, చివరి తేడా 80,555. అప్పుడు నాన్నగారు చెప్పిన మాట ఇక్కడి టీవీ పండితులెవరూ అంత తేలిగ్గా చెప్పలేదు: "మేం పోస్టల్ బ్యాలెట్లు ముందు లెక్కపెడతాం. మీరు చివరికి పెట్టుకున్నారు. ముందున్నవాడు కళ్ళముందే వెనకపడుతుంటే వాడి మనుషులు ఊరుకుంటారా?"

ఊరుకోలేదు. దేశం మొత్తమ్మీద అరవైకి పైగా కేసులు పడ్డాయి, దాదాపు అన్నీ వీగిపోయాయి. మా రాష్ట్రం కేసులో అప్పీలు కోర్టు తీర్పు రాసిన స్టెఫనోస్ బిబాస్‌ను ఆ పదవిలో నియమించింది ట్రంపే. ఎన్నిక అన్యాయమని అంటే సరిపోదు, నిర్దిష్టమైన ఆరోపణా ఉండాలి, రుజువూ ఉండాలి, ఇక్కడ రెండూ లేవన్నది ఆయన తీర్పు సారాంశం. మా రాష్ట్రంతో సహా నాలుగు రాష్ట్రాల ఫలితాలు చెల్లవంటూ టెక్సాస్ వేసిన దావాను సుప్రీంకోర్టు డిసెంబరు 11న, మీకు అడిగే హక్కే లేదని తిప్పి పంపింది.

అన్ని కేసులూ పసలేనివే అనను. ఒకటి మాత్రం నిజమైన చిక్కు. మెయిల్ ఓట్లు పోలింగ్ రోజు రాత్రి ఎనిమిదిలోగా చేరాలని శాసనసభ చట్టం. కరోనా, పోస్టు ఆలస్యం చూసి రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని మూడు రోజులు పొడిగించింది. రాజ్యాంగంలో ఉన్నది 'శాసనసభ' అన్న మాట కదా, కోర్టు ఎలా మారుస్తుంది అని రిపబ్లికన్లు వాషింగ్టన్ వెళ్ళారు. అక్కడి సుప్రీంకోర్టు 4-4గా చీలింది, దాంతో పొడిగింపు అలాగే నిలిచింది. ఆ మూడు రోజుల్లో వచ్చిన సుమారు పదివేల ఓట్లు విడిగా పెట్టారు. తేడా ఎనభై వేలు కాబట్టి బతికిపోయాం. తేడా ఎనిమిది వేలు ఉండి ఉంటే? శాసనసభలు పెట్టే ఎన్నికల నియమాలను రాష్ట్ర కోర్టులు సమీక్షించవచ్చని సుప్రీంకోర్టు తేల్చింది 2023లో, మూర్, హార్పర్ కేసులో. అది కూడా కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) సీట్లకు సంబంధించిన కేసు, అధ్యక్ష ఎన్నికది కాదు.

తేడా తక్కువైతే ఏమవుతుందో 2000లో ఫ్లోరిడా చూపించింది. బుష్, గోర్‌ల మధ్య 537 ఓట్లు. చిల్లు పొడిచే కార్డు బ్యాలెట్లు, కాగితం ముక్క పూర్తిగా ఊడకుండా వేలాడుతుంటే అది ఓటా కాదా అని భూతద్దాలు పెట్టి చూశారు. ఒక్కో కౌంటీలో ఒక్కో కొలమానంతో లెక్కిస్తే సమానత్వం ఎక్కడుందని సుప్రీంకోర్టు తప్పుపట్టింది, కొత్త పద్ధతి పెట్టి మళ్ళీ లెక్కించడానికి గడువు లేదని 5-4తో రీకౌంట్ ఆపేసింది. ఈ తర్కం ప్రస్తుత పరిస్థితులకే పరిమితం అని కూడా రాసుకుంది. ఆ ఒక్క వాక్యం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

'ఓట్లు ఎక్కువ వచ్చినవాళ్ళు ఓడిపోవడం' సంగతి త్వరగా చెప్పేస్తాను. మొత్తం 538 ఎలక్టర్లు, 270 కావాలి. 48 రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఆ రాష్ట్రం ఎలక్టర్లందరూ గెలిచినవాళ్ళకే. మెయిన్, నెబ్రాస్కా మాత్రం పంచుతాయి. అందుకే 2016లో హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చినా ట్రంప్ గెలిచారు. 2024లో ఆ పేచీ రాలేదు, ట్రంప్‌కు ఓట్లూ ఎక్కువే, ఎలక్టర్లూ 312-226. ఈ పద్ధతి మార్చాలంటే 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. లాభపడుతున్న రాష్ట్రాలు ఎందుకు ఒప్పుకుంటాయి? మా ఇంటికి ఎన్నికల ముందు రోజుకి పది ఫోన్లు, తలుపు కొట్టేవాళ్ళు. న్యూజెర్సీలో ఉండే మా తోడికోడలికి ఒక్క కరపత్రం కూడా రాదు. ఆవిడ ఓటూ నా ఓటూ ఒకటే అని ఎవరైనా అంటే ఆవిడే నవ్వుతుంది.

కోర్టుల కన్నా ప్రమాదకరమైనది పోలింగ్‌కీ జనవరి 6కీ మధ్య ఉన్న రెండు నెలలు. ఆ రోజు కాంగ్రెస్‌లో ఎలక్టర్ల ఓట్లు విప్పి చదువుతారు, ఉపాధ్యక్షుడు అధ్యక్షత వహిస్తారు. దానికి 1887 నాటి చట్టం ఒకటుండేది, ఎటు చదివితే అటు అర్థం వచ్చేట్టుగా. ఉపాధ్యక్షుడు కొన్ని రాష్ట్రాల ఓట్లు పక్కన పెట్టొచ్చని 2021లో ట్రంప్ వర్గం వాదించింది. అప్పటి ఉపాధ్యక్షుడు పెన్స్ నాకా అధికారం లేదన్నారు. తర్వాత ట్రంప్ మద్దతుదారులు కాంగ్రెస్ భవనంలోకి చొరబడటం మీరూ టీవీలో చూశారు. 2022 డిసెంబరులో ఆ చట్టాన్ని సవరించారు. ఉపాధ్యక్షుడిది ఉత్త లాంఛనం. ఒక్క సభ్యుడు, ఒక్క సెనేటర్ కలిసి అభ్యంతరం చెప్తే చాలన్నది పోయి, రెండు సభల్లోనూ ఐదో వంతు మంది సంతకం పెడితేగానీ చర్చకు రాదు. 2025 జనవరి 6న కమలా హారిస్ తన ఓటమిని తానే చదివి కూర్చున్నారు. అరగంట పైచిలుకులో అయిపోయింది.

తిరుగుబాటులో పాల్గొన్నవారు పదవికి అనర్హులన్న 14వ సవరణ నిబంధన ఉందిగా అంటారు. కొలరాడో కోర్టు దాన్ని పట్టుకునే బ్యాలెట్ నుంచి ట్రంప్ పేరు తీసేసింది. దేశాధ్యక్ష పదవి విషయంలో ఒక రాష్ట్రం ఆ పని చెయ్యలేదని 2024 మార్చిలో సుప్రీంకోర్టు తొమ్మిదిమందీ ఒకే మాట మీద కొట్టేశారు. నాకది సబబే అనిపించింది, లేకపోతే రేపు ఇంకో రాష్ట్రం ఇంకొకరి పేరు తీసేస్తుంది. అదే ఏడు జులైలో మాజీ అధ్యక్షులకు అధికారిక చర్యల విషయంలో క్రిమినల్ కేసుల నుంచి రక్షణ ఇచ్చిన 6-3 తీర్పు మాత్రం సబబు అనిపించలేదు.

మరి మన పద్ధతే మేలా? ఎన్నిక నడుస్తుండగా కోర్టులు వేలు పెట్టకుండా మన రాజ్యాంగంలో 329వ అధికరణ ఉంది, అయ్యాకే పిటిషన్. అది హాయి. కానీ ఆ పిటిషన్ తేలడానికి ఏళ్ళు పట్టొచ్చు. ఇందిరాగాంధీ 1971 ఎన్నిక చెల్లదని అలహాబాద్ హైకోర్టు చెప్పింది 1975 జూన్‌లో. ఇక్కడ జనవరి 20 మధ్యాహ్నానికి పాత అధ్యక్షుడి గడువు అయిపోతుంది, ఆగడానికి లేదు. అందుకే అందరూ ముందే కోర్టుకి పరుగెత్తుతారు. ఇక ఒకే ఎన్నికల సంఘం అంటారా, వాషింగ్టన్ చేతికి ఎన్నికలన్నీ అప్పగించడానికి మా బూత్‌లో పనిచేసిన రిపబ్లికన్ గానీ డెమొక్రాట్ గానీ ఒప్పుకోరు. అడిగి చూశాను.

ఇంకో సంగతి, ఇది మా ఇంట్లోది. 2022లో మా ఆయన పైకవరు మీద తేదీ వేయడం మర్చిపోయారు. ఓటు వెళ్ళింది, సమయానికి చేరింది, సంతకం ఉంది, అయినా లెక్కలోకి రాలేదు. ఆ తేదీ గడి మీద ఇక్కడి కోర్టుల్లో ఏళ్ళ తరబడి కేసులు నడిచాయి, ఒక కోర్టు అవునంటే ఇంకోటి కాదంది. నేను బూత్‌లో ఊరందరికీ చెప్పినదాన్ని, ఇంట్లో చూసుకోలేదు.

మీరు డాలస్‌లో ఎంఎస్ చేస్తున్నానని రాశారు కాబట్టి చివరగా ఒకటి. డ్రైవింగ్ లైసెన్సుకి వెళ్ళినప్పుడు ఫారంలోనే 'ఓటరుగా నమోదు చేయమంటారా' అని ఒక గడి ఉంటుంది. 1993 నాటి చట్టం వల్ల అది అక్కడ ఉంది. ఎఫ్-1, హెచ్-1బి, ఆఖరికి గ్రీన్‌కార్డు ఉన్నా దాని జోలికి వెళ్ళకండి. కౌంటర్లో అమ్మాయి అలవాటుగా అడిగినా వద్దనండి. పొరపాటున టిక్కు పెట్టి, తర్వాత సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో ఆ కాగితం బయటపడితే, నేను పౌరుణ్ణని అబద్ధం చెప్పినట్టు లెక్క. ఇప్పటికే పెట్టి ఉంటే రద్దు చేయించుకునే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి, స్నేహితుల సలహాతో కాదు.