అంగడి ముందు దొర్లే పిల్లోడి గురించి

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

పిల్లోడు పుట్టుకతోనే మొండి అని రాశావు. కొందరు పిల్లలు పుట్టుకతోనే కాస్త దుడుకు, నిజమే. కానీ గోవిందరాజస్వామి గుడి దగ్గర బొమ్మల అంగడి ముందు పడి దొర్లడం మాత్రం నేర్చుకున్నదే. వాడు అడుగుతాడు, నువ్వు వద్దంటావు. వాడు ఏడుస్తాడు, నువ్వు అరుస్తావు. వాడు గొంతు పెంచేసరికి నలుగురూ చూస్తున్నారని కొనిస్తావు. ఎంత గట్టిగా ఏడిస్తే పని జరుగుతుందో వాడికి తెలిసింది. ఇచ్చేస్తే గొడవ వదులుతుందని నీకూ అలవాటైంది. ఒకరికొకరు నేర్పుకుంటున్నారు.

ఏడుపు దగ్గర మొదలుపెట్టకు, వాడు బాగున్నప్పుడు మొదలుపెట్టు. రోజూ పది నిమిషాలు, ఫోన్ లోపలి గదిలో పెట్టి, వాడి పక్కన నేలమీద కూర్చో. ఏం ఆడాలో వాడిష్టం. ఇదేం రంగు, ఒకట్లు చెప్పు అని పరీక్షలు పెట్టకు. "బస్సు కొండెక్కుతోందే, మలుపులో మెల్లగా తిప్పినావే" అని వాడు చేసేదే పైకి చెప్తూ ఉండు, చాలు. అల్లరి చేశాడని ఈ పది నిమిషాలు తీసేయకు. ఆ రోజే వాడికి ఎక్కువ అవసరం.

పని చెప్పేటప్పుడు వంటింట్లోంచి కేక వెయ్యొద్దు. దగ్గరికెళ్లి, కళ్లలోకి చూసి, ఒక్క పనే చెప్పు: "చెప్పులు మూలన పెట్టు." "పెడతావా?" అని అడిగితే పెట్టనంటాడు. చెప్పాక మనసులో ఐదు లెక్కపెట్టే దాకా ఆగు. చేశాక ఉత్త 'మంచోడివి' చాలదు. "చెప్పగానే చెప్పులు పెట్టేశావే" అను. ఏ పనికి మెచ్చుకున్నావో వాడికి తెలియాలి.

ఇక ఏడుపు. బయల్దేరే ముందే చెప్పెయ్, "ఈరోజు గుడికి మాత్రమే, బొమ్మ కొనం" అని. అయినా ఏడిస్తే దెబ్బ తగలకుండా చూసుకుంటూ పక్కనే ఉండు, మాటలు తగ్గించు. ఆగగానే నీళ్లిచ్చి మామూలుగా మాట్లాడు. మొదటి కొన్నాళ్లు ఏడుపు తగ్గదు సరికదా, పెరగొచ్చు కూడా. ఇంతకుముందు పనిచేసింది ఇప్పుడెందుకు పనిచెయ్యలేదా అని గట్టిగా ప్రయత్నిస్తాడు. చాలామంది ఇక్కడే లొంగిపోతారు. అరగంట ఏడ్చాక ఇస్తే, అరగంట ఏడవాలని నేర్పినట్టే. ఇచ్చేదైతే అడిగిన మొదటి మాటకే ఇచ్చెయ్.

నువ్వు వద్దన్న ఫోన్ మీ అత్తగారు ఇస్తే ఇదంతా వృథా. వాడు నిద్రపోయాక, అత్తగారినీ మీ ఆయన్నీ కూర్చోబెట్టుకుని అందరూ ఒక్క మాట మీదికి రండి. రాత్రి కథ చెప్పి పడుకోబెట్టే పని అత్తగారికే వదులు.

కొట్టొద్దమ్మా. కొడితే అప్పటికి ఆగుతాడు, అందుకే మళ్లీ మళ్లీ చెయ్యి లేస్తుంది. బలమున్నోడు చిన్నోళ్లను కొట్టొచ్చని వాడు నేర్చుకుని, రేపు చెల్లెలి మీద చూపిస్తాడు.

మాటలు ఆలస్యమైనా, పిలిస్తే పలక్కపోయినా, తలను గోడకు కొట్టుకుంటున్నా ఈ పద్ధతులతో సరిపెట్టుకోకు, రుయా ఆసుపత్రిలో పిల్లల డాక్టరుకు చూపించు. నీకే నిద్రపట్టక, ఏడుపొస్తుంటే మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులక్కర్లేదు.

ముందు ఆ పది నిమిషాల ఆట రెండు వారాలు మానకుండా చెయ్యి. బొమ్మల అంగడి వైపు తర్వాత తీసుకెళ్దువు.

మీ పెద్దమ్మ
తిరుపతి